పీసీడీ కలిసింది, మరి ఆఫ్‌సెట్ మాటేమిటి?

ప్రశ్న: మాది ఖమ్మం. నా దగ్గర ఆరేళ్ల హ్యాచ్‌బ్యాక్ ఉంది. నాలుగు నట్లు, పీసీడీ (నట్ల రంధ్రాల వలయం వ్యాసం) 100 మి.మీ. కంపెనీ వీల్స్ 15 అంగుళాలవి, టైర్లు 185/65 ఆర్15. ఈమధ్య ఒక షాపులో 16 అంగుళాల అలాయ్స్, 205/55 టైర్లతో సహా వేయించాను. ఒక్కణ్ణే నడిపితే పెద్దగా తెలియదు. ఇంట్లో అందరం ఎక్కాక స్పీడ్ బ్రేకర్ దిగుతూ మలుపు తిప్పితే ముందు చక్రం దగ్గర గర్రుమని రాసుకుంటోంది. 80 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. గుంటలో పడితే స్టీరింగ్ చేతిలోంచి లాక్కున్నట్టవుతోంది. షాపతను "పీసీడీ కలిసింది కదా సార్, ఆఫ్‌సెట్‌లో కొంచెం తేడా, స్పేసర్ వేస్తే సెట్ అయిపోతుంది" అంటున్నాడు. మా మెకానిక్ ఫెండర్ (చక్రం పైనున్న బాడీ రేకు) అంచు మడిచేద్దాం అంటున్నాడు. నాన్నగారు పాతవే బిగించెయ్యమంటున్నారు. పాత వీల్స్ వెనక '15×5½జె 45' అనీ, కొత్తవాటి వెనక '16×7జె ఈటీ35' అనీ అచ్చు ఉంది. మార్చుకోవడానికి షాపువాళ్లు వారం గడువిచ్చారు. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు ఆ స్పేసర్ (హబ్‌కీ, అంటే చక్రాన్ని బిగించే తిరిగే భాగానికీ, వీల్‌కీ మధ్య పెట్టే లోహపు బిళ్ల) ఆలోచన మానేయండి. మీ చక్రం ఇప్పటికే బయటికి ఎక్కువ వచ్చింది, స్పేసర్ వేస్తే ఇంకా బయటికి వస్తుంది. చక్రాన్ని లోపలికి తెచ్చే స్పేసర్ అంటూ ఏదీ లేదు. షాపతను తెలియక అన్నాడో, సరుకు వెనక్కి తీసుకోవడం ఇష్టంలేక అన్నాడో గానీ, ఆ సలహా మాత్రం తలకిందులుగా ఉంది.

వీల్స్ వెనక ఉన్న అంకెలు రాసి పంపడం మంచిపని చేశారు. చాలామంది "16 ఇంచ్ వేయించాను, రాసుకుంటోంది, ఎందుకు?" అని మాత్రమే అడుగుతారు. దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. మీ అంకెలతో అయితే కాగితం మీదే తేలిపోతుంది.

ముందు ఆఫ్‌సెట్ అంటే ఏమిటో చూద్దాం. వీల్ వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఒక గీత ఉందనుకోండి. వీల్ వెనక హబ్‌కి ఆనుకుని బిగుసుకునే చదునైన భాగం ఆ మధ్యగీత మీదే ఉంటే ఆఫ్‌సెట్ సున్నా. ఆ భాగం మధ్యగీత కంటే బయటివైపు, అంటే మనం నిలబడి చూసే వైపు ఉంటే పాజిటివ్. ఇంజన్ వైపు ఉంటే నెగటివ్. మీ పాత వీల్ మీది 45 అంటే ఆ భాగం మధ్యగీతకు 45 మి.మీ. బయటివైపు ఉందని. ఈటీ అని రాసినా, ఉత్త అంకె వేసినా అదే కొలత. ఫ్రంట్ వీల్ డ్రైవ్ చిన్న కార్లలో ఇది సాధారణంగా 35 నుంచి 50 మధ్య ఉంటుంది.

ఇక్కడే అందరూ తికమక పడతారు. అంకె తగ్గితే చక్రం బయటికి వస్తుంది, పెరిగితే లోపలికి పోతుంది. హబ్ కదలదు కదా, దానికి ఆనే భాగం వీల్‌లో లోపలివైపు జరిగితే మిగతా వీలంతా బయటికి రావలసిందే. థార్ లాంటి బండ్లకు టైర్లు బాడీ దాటి బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తాయి చూడండి, అవి సున్నా దగ్గరా నెగటివ్‌లోనూ ఉండే వీల్స్. చూడ్డానికి దర్జాగా ఉంటుంది. వానాకాలంలో తలుపులు, అద్దాలు బురదతో నిండిపోయాక ఆ దర్జా ఎంత నిలుస్తుందో యజమానులనే అడగాలి.

మీరు అనుకున్నది 45 నుంచి 35కి తగ్గింది కాబట్టి 10 మి.మీ. తేడా అని. షాపతను "కొంచెం తేడా" అన్నదీ అదే. కానీ వెడల్పు కూడా మారింది. ఐదున్నర అంగుళాల నుంచి ఏడుకి. ఆఫ్‌సెట్‌ని వెడల్పుతో కలిపి చూడకపోతే ఆ అంకెకు అర్థమే లేదు. లెక్క చాలా తేలిక. అంగుళానికి 25.4 మి.మీ. చొప్పున వెడల్పును మి.మీ.లోకి మార్చి సగం చేయండి. అందులోంచి ఆఫ్‌సెట్ తీసేస్తే హబ్ నుంచి రిమ్ బయటి అంచు ఎంత దూరమో వస్తుంది. ఆ సగానికే ఆఫ్‌సెట్ కలిపితే లోపలి అంచు దూరం.

మీ పాత వీల్: 5.5 అంగుళాలంటే 139.7 మి.మీ. సగం దాదాపు 70. బయటికి 70 లోంచి 45 పోతే 25. లోపలికి 70, 45 కలిపితే 115.

కొత్త వీల్: 7 అంగుళాలంటే 177.8, సగం 89. బయటికి 89 లోంచి 35 పోతే 54. లోపలికి 89, 35 కలిపితే 124.

అంటే రిమ్ బయటి అంచు 25 నుంచి 54కి, దాదాపు 29 మి.మీ. బయటికి వచ్చింది. మీరనుకున్న 10 కాదు. లోపలి అంచు కూడా 9 మి.మీ. లోపలికే పోయింది. ఆఫ్‌సెట్ తగ్గించినా లోపలివైపు జాగా పెరగలేదు సరికదా, తగ్గింది. వెడల్పు వీల్స్ కొనేవాళ్లు సాధారణంగా గమనించనిది ఇదే.

రాసుకునేది రిమ్ కాదు కదా, టైరు కదా అంటారేమో. నిజమే, అదీ చూద్దాం. సన్న రిమ్ మీద టైరు పక్క గోడ రిమ్ దాటి ఉబ్బి ఉంటుంది, వెడల్పు రిమ్ మీద అంతగా ఉబ్బదు. 205 టైరు వెడల్పును ఆరున్నర అంగుళాల రిమ్ మీద కొలుస్తారు. ఏడు అంగుళాల మీద ఎక్కిస్తే ఇంకో 5 మి.మీ. సాగి సుమారు 210 అవుతుంది. ఆ లెక్కన మీ టైరు పక్క గోడ పాతదాని కంటే 22 మి.మీ. దాకా బయటికి, రెండు మూడు మి.మీ. లోపలికి వచ్చింది. పైగా టైరు ఎత్తు కూడా పెరిగింది. 185/65 ఆర్15 మొత్తం వ్యాసం 621 మి.మీ. పైచిలుకు, 205/55 ఆర్16 ది 632. పది మి.మీ. తేడాలో సగం, అంటే ఐదు మి.మీ. ఫెండర్‌కి దగ్గరైంది.

ఇప్పుడు మీ లక్షణాలు చూడండి. ఒక్కరే ఉన్నప్పుడు శబ్దం లేదు, బరువెక్కి సస్పెన్షన్ దిగినప్పుడు, అదీ చక్రం తిరిగి ఉన్నప్పుడు వస్తోంది. ఇది టైరు బయటి భుజం ఫెండర్ అంచుకో, లోపలి ప్లాస్టిక్ లైనర్‌కో తగలడం. ఖాయం చేసుకోవాలంటే టైరు బయటి భుజం మీద చుట్టూ సుద్దముక్క దట్టంగా రుద్ది, అదే బరువుతో అదే స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా వెళ్లి రండి. సుద్ద ఎక్కడ అంటిందో అక్కడే తగులుతోంది. లోపలి వైపు, స్ట్రట్ (సస్పెన్షన్ స్ప్రింగును మోసే నిలువు భాగం) దగ్గర కూడా టార్చ్ వేసి చూడండి. అక్కడ టైరు మీద మెరిసే గీత పడి ఉంటే అది వేరే సమస్య, ఇంకా ప్రమాదం. ఫెండర్‌కి తగిలితే శబ్దం చేసి చెబుతుంది. స్ట్రట్‌కి రాసుకుంటే పక్క గోడ చడీచప్పుడు లేకుండా అరిగి ఒకరోజు పేలుతుంది.

స్టీరింగ్ లాక్కోవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, షాపుల్లో దీని గురించి ఎవరూ మాట్లాడరు. ముందు చక్రం స్టీరింగ్‌తో పాటు తిరిగేటప్పుడు ఒక ఇరుసు చుట్టూ తిరుగుతుంది. పైన స్ట్రట్ నుంచి కింద బాల్ జాయింట్ (చక్రం తిరగడానికి వీలిచ్చే గుండ్రటి కీలు) దాకా గీసిన గీతే ఆ ఇరుసు. ఆ గీతను అలాగే నేల దాకా పొడిగిస్తే ఎక్కడ తాకుతుందో, టైరు నేలను తాకే చోటి మధ్యబిందువు దానికి ఎంత దూరంలో ఉందో, ఆ దూరాన్ని ఇంజనీర్లు స్క్రబ్ రేడియస్ అంటారు. తలుపును బందు దగ్గర తోస్తే కదలదు, దూరంగా తోస్తే సులువుగా తిరుగుతుంది. ఇక్కడా అంతే. టైరు మధ్యబిందువు ఇరుసు గీతకు ఎంత బయటికి జరిగితే గుంట కొట్టిన దెబ్బ అంత బలంగా చక్రాన్ని తిప్పి, స్టీరింగ్ దాకా వస్తుంది.

ఈ దూరాన్ని కంపెనీలు మిల్లీమీటర్లలో లెక్కగట్టి పెడతాయి. 1972లో వచ్చిన ఆడి 80లో టైరు మధ్యబిందువు కావాలనే ఇరుసు గీతకు లోపలివైపు ఉండేలా పెట్టారు. దానికో కారణం ఉంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో బ్రేక్ లైన్లు ఐమూలగా రెండుగా విడదీసి ఉంటాయి. ముందు కుడి, వెనక ఎడమ ఒకటి. ముందు ఎడమ, వెనక కుడి ఇంకొకటి. ఒక లైను పోతే ముందు ఒక్క చక్రమే బ్రేక్ వేస్తుంది, కారు ఆ పక్కకు లాగుతుంది. మధ్యబిందువు లోపలివైపు ఉంటే అదే బ్రేక్ బలం చక్రాన్ని ఎదురు పక్కకు కాస్త తిప్పి, లాగడాన్ని తగ్గిస్తుంది. తర్వాత ఎన్నో ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లు ఈ దారిలోనే వచ్చాయి. 10 మి.మీ. ఆఫ్‌సెట్ తగ్గించడమంటే ఈ లెక్కను 10 మి.మీ. మేర చెరపడమే.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. రాసుకోవడం ఆఫ్‌సెట్, వెడల్పు రెండింటి మీదా ఆధారపడి ఉంటుంది. స్టీరింగ్ తీరు, వీల్ బేరింగ్ మీద భారం మాత్రం ఆఫ్‌సెట్‌ని బట్టే ప్రధానంగా మారతాయి, ఎందుకంటే చక్రం మధ్యగీతను జరిపేది అదే. అందుకే టైరు ఎక్కడా తగలకపోయినా ఆఫ్‌సెట్ బాగా తేడా ఉన్న వీల్ మంచిదని చెప్పలేం. 10 మి.మీ.కే బేరింగ్ రేపే పోదు. కానీ ఎప్పుడూ నలుగురైదుగురు ఎక్కే బండి, గుంటల రోడ్లు, పెద్ద టైరు, అన్నీ కలిసి దాని ఆయుష్షు తగ్గిస్తాయి.

80 దగ్గర వణుకుకు మాత్రం ఆఫ్‌సెట్‌ని తిట్టకండి. అది వీల్ మధ్య రంధ్రం గొడవ కావచ్చు, బ్యాలెన్సింగ్ లోపమూ కావచ్చు. పీసీడీ అంటే నట్ల రంధ్రాల వలయం వ్యాసం మాత్రమే. మధ్యలో హబ్ దూరే పెద్ద రంధ్రానికి వేరే కొలత ఉంటుంది. మారుతి, హ్యుందాయ్ చిన్న కార్లలో పీసీడీ 100 ఉన్నవాటికి అది సాధారణంగా 54.1 మి.మీ. హోండా సిటీకి 56.1. బయట అమ్మే అలాయ్స్ ఎక్కువ కార్లకు పట్టాలని 67.1, 73.1 లాంటి పెద్ద రంధ్రాలతో చేస్తారు. ఆ ఖాళీని పూరించడానికి ప్లాస్టిక్‌దో అల్యూమినియందో ఒక రింగు వేయాలి. అది లేకపోతే వీల్‌ని మధ్యకు తెచ్చే పని నట్ల మీదే పడుతుంది. బిగించేటప్పుడు వెంట్రుకవాసి పక్కకు జరిగినా హైవే ఎక్కగానే తెలుస్తుంది. చక్రం విప్పించి రింగులు ఉన్నాయో లేదో చూడండి. ఉన్నా వణుకుతుంటే బ్యాలెన్సింగ్ మళ్లీ చేయించండి. నట్లు కూడా చూడండి. చాలావరకు బయటి అలాయ్స్‌కి శంకువులా ఏటవాలు మొన ఉన్న నట్లు కావాలి. హోండా కంపెనీ నట్ల మొన గుండ్రంగా ఉంటుంది, టయోటా అలాయ్స్‌వి చదును వాషర్ ఉన్నవి. ఒకదాని బదులు ఇంకోటి వేస్తే బిగిసినట్టే ఉంటాయి గానీ సరిగా పట్టవు.   

ఇక మీకు వచ్చిన సలహాలు. స్పేసర్ దేనికి పనికొస్తుందంటే, వీల్ ఆఫ్‌సెట్ మరీ ఎక్కువై లోపల స్ట్రట్‌కి తగులుతున్నప్పుడు బయటికి జరపడానికి. అప్పుడు కూడా హబ్ మధ్య గుబ్బకు అతికినట్టు సరిపోయే రకమే వాడాలి. రెండోది, స్పేసర్ ఎంత మందమో నట్టుకు దొరికే మర అంత తగ్గుతుంది. నట్టు కనీసం స్టడ్ (నట్టు ఎక్కే బోల్టు) లావంత లోతు పట్టాలన్నది వర్క్‌షాపుల్లో పాటించే లెక్క. 12 మి.మీ. స్టడ్‌కి మర పిచ్ (చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం) 1.5 మి.మీ. అయితే 8 చుట్లు, 1.25 అయితే దాదాపు 10. నట్టు రెండు మూడు చుట్లకే బిగుసుకుంటే ఆ కారు రోడ్డెక్కించకూడదు. ఎవరైనా అలాయ్ వెనక భాగాన్ని లేత్ మీద చెక్కి ఆఫ్‌సెట్ పెంచుదాం అంటే అక్కడి నుంచి వచ్చేయండి. దిక్కు సరైనదే గానీ, బరువంతా మోసే చోటే లోహం పలచబడుతుంది.

ఫెండర్ మడవడం పనిచేస్తుంది. మీకు మాత్రం వద్దంటాను. వేడిచేసి జాగ్రత్తగా మడిచినా రంగు సన్నగా పగలొచ్చు. పగిలిన చోట తుప్పు, నాలుగు వానలు పడితే చాలు. అయినా మీకు కావలసింది 22 మి.మీ., అంచు మడిస్తే అందులో కొంతే దొరుకుతుంది. స్టీరింగ్ లాక్కోవడం అలాగే ఉంటుంది.

కాబట్టి వారం గడువు వాడుకోండి. నాన్నగారి మాటా సబబే, పాతవి బిగిస్తే ఏ గొడవా లేదు. 16 అంగుళాలే కావాలంటే షాపులో ఇలా అడగండి: 16×6జె, పీసీడీ 100, ఈటీ 40 నుంచి 45 మధ్య, మీ కారు హబ్‌కి సరిపోయే (మారుతి, హ్యుందాయ్ అయితే సాధారణంగా 54.1) రింగులతో. టైరు 195/55 ఆర్16. ఈ టైరు వ్యాసం 621 మి.మీ., అంటే మీ పాత టైరుతో తేడా మిల్లీమీటరు కూడా రాదు, స్పీడోమీటర్ కూడా అలాగే ఉంటుంది. ఈటీ 45 అయితే టైరు రెండు పక్కలా చెరో 5 మి.మీ. పెరుగుతుంది. ఈటీ 40 అయితే లోపల ఏమీ మారదు, బయటికి 10 వస్తుంది. ఏది మేలో మీ కారు స్ట్రట్ దగ్గరి జాగాను బట్టి తేల్చుకోండి. లోపల వేలు సులువుగా దూరేంత ఖాళీ ఉంటే నేను 45కే ఓటేస్తాను. ఆరున్నర జె మాత్రమే ఉందంటే ఈటీ 42 దాకా చూడొచ్చు. అప్పుడు రిమ్ బయటి అంచు పాతదానికంటే 16 మి.మీ. బయటికొస్తుంది, సుద్దముక్క పరీక్ష తప్పనిసరి. ఏడు జె మాట ఎత్తితే వద్దనండి, ఎంత తగ్గించి ఇస్తామన్నా.

అంకె కనిపించని వీల్ చూపిస్తే అక్కడే కొలవొచ్చు. వీల్‌ని బోర్లా, అంటే వెనక భాగం పైకి వచ్చేలా గోనెపట్టా మీద పెట్టి, రిమ్ మీద ఒక సూటి కర్ర అడ్డంగా ఉంచి, అక్కడినుంచి హబ్‌కి ఆనే భాగం దాకా లోతు కొలవండి. తర్వాత రిమ్ అంచు నుంచి అంచుకు మొత్తం వెడల్పు కొలిచి సగం చేయండి. లోతులోంచి ఆ సగం తీసేస్తే వచ్చేదే ఆఫ్‌సెట్. ఈ మొత్తం వెడల్పు జె ముందు అచ్చువేసిన అంకె కంటే సుమారు ఒక అంగుళం ఎక్కువ వస్తుంది, కంగారు పడకండి. ఆ అంకె టైరు కూర్చునే చోటి వెడల్పు, జె అనేది రిమ్ అంచు ఆకారానికి గుర్తు.

వీల్ మీద ఐఎస్ఐ గానీ జేడబ్ల్యూఎల్ (అలాయ్ వీల్స్‌కి జపాన్ ప్రమాణం) గానీ గుర్తు ఉందో చూడండి. బరువు ఎంత మోస్తుందో కూడా అచ్చు ఉంటుంది. మీ కారు మాన్యువల్‌లో ముందు, వెనక ఇరుసుల్లో ఎక్కువ బరువు పడేదాన్ని సగం చేస్తే వచ్చే అంకె కంటే అది తక్కువ ఉండకూడదు. బిగించేటప్పుడు నట్లు ఐమూలగా, టార్క్ రెంచితో, మాన్యువల్ చెప్పినంతే. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగింపు చూపించండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కొత్త అలాయ్స్ సంగతి తెలియజేసి పాలసీలో రాయించుకోండి. లేకపోతే రేపు గుంటలో పడి పగిలినా, ఎవరైనా ఎత్తుకుపోయినా వాటి డబ్బు అడగడం కష్టం.

మీ స్టెప్నీ పాత 15 అంగుళాలదే ఉంటుంది కదా. 195/55 వేసుకుంటే ఎత్తు ఒకటే కాబట్టి పంక్చరైనప్పుడు ముందు చక్రానికి కూడా వేసుకుని వెళ్లొచ్చు. ఇప్పుడున్న 205తో అయితే రెండు పక్కలా ఎత్తు తేడా వచ్చి డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే అమరిక) లోపలి గేర్లు దారి పొడవునా తిరుగుతూనే ఉంటాయి. అలాయ్స్‌కి షాపువాళ్లు వేరే నట్లు ఇస్తే, పాత నట్లు నాలుగూ జాకీతో పాటు ఒక సంచిలో వేసి డిక్కీలో ఉంచండి. స్టెప్నీకి అవే కావాలి.